జమ్ముమడిలో తెల్లనీళ్లు

చురకమ్మ ఎవరంటే ఆ ఊళ్లో చిన్నపిల్ల కూడా ఇల్లు చూపిస్తుంది. అసలు పేరేంటని అడిగితే మాత్రం కట్టుకున్న మొగుడు కూడా కాసేపు తల గోక్కుంటాడు. మాటతో చురక పెట్టగల మనిషని ఎప్పుడో ఎవరో అన్నారు, ఆ పేరే అతుక్కుపోయింది. దానికి తోడు కుడిచెవి వినపడదు. అందుకని మామూలుగా మాట్లాడినా పక్కవీధి వాళ్లు తగవేమో అనుకుని బయటికొస్తారు. "దాని కోపంలో సగం చెవుడు, మిగతా సగం అసలు సరుకు" అంటాడు మొగుడు. ఆయన ఇంటి అరుగు మీదే సైకిళ్లు బాగుచేస్తాడు. ఎంత తిట్టినా ట్యూబులో గాలి కొడుతూ నవ్వుతూ కూర్చోగల మనిషి. అలాంటివాడు కాబట్టే ఆ కాపురం నిలబడిందని ఊరి అభిప్రాయం.

ఆ చెవి పోవడానికి ఊరి మురుగే కారణం. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఊళ్లో వాడిన నీళ్లన్నీ దిగువ వీధి బావిని ఒరుసుకుంటూ వాగులోకి పోయేవి. ఒక వానాకాలం ఆ వీధికి వీధే జ్వరంతో మంచమెక్కింది. పక్కింటావిడ మళ్లీ లేవలేదు. చురకమ్మ లేచింది, చెవి మాత్రం ఆ జ్వరానికి ఇచ్చేసి లేచింది. అందుకే చాలా ఏళ్లకి ఊరి కింద మురుగు శుద్ధిచేసే మడులు కట్టి, చూసుకోవడానికి మనిషి కావాలని అడిగితే, అందరూ ముక్కులు మూసుకుని పక్కవాళ్ల వైపు చూస్తున్న సమయంలో ఆమె ముందుకొచ్చింది. మొగుణ్ణి అడగలేదు. ఇంటికొచ్చి చెప్పింది, అంతే.

చూడ్డానికి అదేం పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఊరి నీళ్లు ముందు ఒక ఇనపజాలీ మీదికొస్తాయి. చెత్తంతా అక్కడ ఆగిపోతుంది. తర్వాత ఒక లోతు తొట్టిలో నీళ్లు నిలబడితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు జమ్ము నాటిన మడుల్లోకి మెల్లగా పారతాయి. జమ్ము వేళ్లలో కంటికి కనపడని జీవాలుంటాయని, అవే మురికిని తింటాయని కట్టినవాళ్లు చెప్పివెళ్లారు. చిట్టచివర ఒక గుంట. అక్కడికొచ్చేసరికి నీళ్లలో ఆకాశం కనపడేది. కప్పలు కాపురాలు పెట్టాయి. ఆ నీళ్లు పొలాలకి వదిలేవాళ్లు.

ఆమె పొద్దున్నే ఇనప దంతెతో జాలీ గీకేది. ఊరి గుట్టంతా ఆ జాలీ మీదే తేలేది. గుడ్డపీలికలు, జుట్టు చిక్కులు, చెంచాలు, బొమ్మల చేతులు. ఒకసారి రిటైరైన పంతులుగారి కట్టుడుపళ్లు దొరికాయి. శుభ్రంగా మరగబెట్టి, గుడ్డలో చుట్టి, నలుగురున్న వేళ చూసి ఆయన ఇంటికి పట్టుకెళ్లింది. "పంతులుగారూ, మీ పళ్లు నా జాలీని కొరికేస్తున్నాయి. కాస్త నోట్లో పెట్టుకోండి" అంది. ఆయన పెట్టుకున్నాడో లేదోగానీ, ఆ తర్వాత ఊళ్లోవాళ్లు తూములో ఏదైనా పారేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్లు.

ఆ రోజుల్లో ఊరివాళ్లు ఆ చోటుని నీళ్లదొడ్డి అనేవాళ్లు. కంపుదొడ్డి అనే పేరు తర్వాతొచ్చింది.

అది పాలకేంద్రం పెరిగాక వచ్చింది. మొదట్లో అక్కడ పాలు పోయించుకుని చల్లబరిచి పంపేవాళ్లు. తర్వాత యజమాని పెద్ద షెడ్డు వేసి వెన్న తీయడం, పాలు విరగ్గొట్టి పనీరు చెయ్యడం మొదలుపెట్టాడు. దిగువ వీధి ఆడవాళ్లలో చాలామంది అక్కడ పనికి కుదిరారు. చురకమ్మ తమ్ముడు కేంద్రం వ్యాను నడిపేవాడు, అతని పెళ్లాం పాత్రలూ పాలు కాచే బట్టీలూ కడిగేది. షెడ్డు నుంచి మడుల దాకా విడిగా ఒక గొట్టం వేశారు. కొన్నాళ్లకి ఆ గొట్టంలోంచి తెల్లటి నీళ్లు రావడం మొదలైంది.

ముందు నురగొచ్చింది. తర్వాత తొట్టి మీద జిడ్డు మీగడ కట్టింది. పాలు విరగ్గొట్టిన పులుపు నీళ్లు, బట్టీలు కడిగిన సోడా నీళ్లు, ఒకదాని వెనక ఒకటి. జమ్ము చివర్లు పసుపు తిరిగి, మొదళ్లు నల్లబడి, చేత్తో లాగితే కుళ్లిన ఉల్లికాడలా ఊడొచ్చేది. కప్పలు అరవడం ఎప్పుడు మానేశాయో ఆమెకి సరిగ్గా తెలీదు. ఒకరోజు గుంట దగ్గర నిలబడితే ఏదో తక్కువైనట్టనిపించింది, అదీ. ఆ వాసన మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి తిరిగితే పై వీధి మేడల్లోవాళ్లు కూడా కిటికీలు బిగించుకునేవాళ్లు.

కారణం ఎవరికి తెలీదు? పాలు పోసేవాళ్లకి తెలుసు, పాత్రలు కడిగేవాళ్లకి తెలుసు, వ్యాను నడిపేవాడికి తెలుసు. తెల్లనీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో చెప్పడానికి శాస్త్రం చదవక్కర్లేదు. కానీ ప్రతి ఇంటినుంచీ ఒక బిందె పాలో, ఒక మనిషో ఆ కేంద్రానికి వెళ్తున్నాయి. అందుకని తెలిసినవాళ్లందరూ తెలీనట్టే ఉన్నారు. చురకమ్మకి ఒళ్లు మండింది అక్కడే. ఆమె రెండుసార్లు కేంద్రం గేటు దాకా వెళ్లింది. రెండుసార్లూ కాపలావాడు "అయ్యగారు లేరు" అన్నాడు. అయ్యగారి కారు వాడి వెనకే ఉంది.

ఊరిపెద్ద మీటింగు పెట్టాడు. బడి వరండాలో బెంచీలు వేశారు. పాలకేంద్రం యజమాని ముందు బెంచీలోనే కూర్చున్నాడు, తెల్లచొక్కా, చేతిలో తాళాల గుత్తి. ఊరిపెద్ద గొంతు సవరించుకుని, "మడులు సరిగ్గా చూసుకోవట్లేదని అందరూ అనుకుంటున్నారమ్మా" అన్నాడు చురకమ్మ వైపు తిరిగి.

"ఎవరనుకుంటున్నారు?"

"అందరూ."

"అందరూ ఇక్కడే ఉన్నారు కదా. ఒక్కరు లేచి అనమనండి."

ఎవరూ లేవలేదు. ఆమె ఒక్కొక్క బెంచీ వైపే చూసుకుంటూ వచ్చింది. మరదలు వెనక వరసలో కూర్చుని తన కాళ్ల వేళ్లు చూసుకుంటోంది.

"పాలకేంద్రం గొట్టంలోంచి తెల్లనీళ్లు వస్తున్నాయి. జమ్ము చచ్చిపోతోంది. ఆ ముక్క మీ అందరికీ తెలుసు" అంది చురకమ్మ.

అప్పుడు యజమాని లేచాడు. ఎంత మర్యాదగా లేచాడంటే, పెద్దావిడకి కుర్చీ ఇవ్వడానికి లేచాడేమో అనిపించింది. "నేల కడిగిన నీళ్లు కాస్త వస్తాయి, కాదన్ను. ఆవిడ ఒక్కతే కష్టపడుతోంది పాపం. నా తరఫున ఫినాయిల్ డబ్బాలు పంపిస్తాను. పొద్దునా సాయంత్రం చల్లుకుంటే వాసన ఉండదు" అన్నాడు.

ఊరిపెద్ద చప్పట్లు కొట్టాడు. ఆయన కొడితే మిగతావాళ్లూ కొట్టారు.

ఆమె అరుపూ కేకా లేకుండా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. మొగుడు సైకిల్ చక్రం తిప్పుతూ ఆపేశాడు. ఆమె అరిస్తే ఆయనకి భయం లేదు, అరవకపోతేనే.

"ఫినాయిల్ ఇస్తాడంట. జమ్ము వేళ్లలో బతికినవేమన్నా ఉంటే వాటిని కూడా చంపడానికి."

"అన్నం తిను."

"చప్పట్లు కొట్టారు. మీ బాబాయి కూడా కొట్టాడు."

"మా బాబాయి నిద్రలో కూడా కొడతాడు. ఆయన సంగతి వదిలెయ్. ముందు తిను."

ఆమె తినలేదు. మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి, గోనెసంచుల్లో గట్టు మీది బంకమన్ను కూరింది. మడుల గేటు పక్కన పాలకేంద్రం గొట్టానికి ఒక మూత ఉంది. గునపంతో దాన్ని లేపి, సంచులు ఒకదాని మీద ఒకటి దింపి, గొట్టం నోటికి అడ్డంగా కాళ్లతో తొక్కింది. మోకాళ్ల దాకా ఆ తెల్లటి పులుపులో నిలబడి, పళ్లు బిగించి తొక్కింది. ఇప్పుడు ఆ నీళ్లు వెనక్కి తన్ని షెడ్డులోకే పోతాయి, ఆ తెల్లచొక్కా బూట్లు తడుస్తాయి, అప్పుడు పంపించమందాం ఫినాయిల్, అనుకుంది. ఆ రోజు ఆమె కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయింది.

తెల్లారగానే మరదలు వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వదినా, మా ఇల్లు మునిగింది" అంది.

"దేంతో?" అనబోయింది చురకమ్మ. ఆ వాసన ముందే జవాబు చెప్పేసింది.

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. కిందటేడు తమ్ముడు ఇంట్లో స్నానాలగది కట్టుకున్నాడు. ఊరి గొట్టం దూరమైతే, యజమాని తన డ్రైవరని దయతలచి కేంద్రం గొట్టానికే కలుపుకోనిచ్చాడు. ఆ సంగతి అక్కకి చెబితే గొడవ చేస్తుందని తమ్ముడు చెప్పలేదు. షెడ్డు నేల మనిషెత్తు మెరక. తమ్ముడి ఇల్లు ఆ గొట్టం పొడవునా అన్నిటికంటే పల్లం. వెనక్కి తన్నిన నీళ్లు షెడ్డు గడప కూడా చూడకుండా స్నానాలగది తూములోంచి పొంగి, వంటింట్లోకి, అక్కణ్ణించి పడగ్గదిలోకి పోయాయి.

చురకమ్మ ముందు మడుల దగ్గరికి పరిగెత్తి సంచులు పెరికేసింది. తర్వాత తమ్ముడింటికి వెళ్లింది. పిండిడబ్బా అడుగు తడిసి పిండి ముద్దయింది. దూదిపరుపు నీళ్లు పీల్చుకుని ఇద్దరు లేపినా లేవలేదు. మంచం కింద మడిచి పెట్టిన బట్టల నిండా తెల్లటి జిడ్డు. తమ్ముడు వ్యాను తీసుకుని పక్క ఊళ్లకి వెళ్లాడు, సాయంత్రానికిగానీ రాడు. ఆడాళ్లిద్దరూ కొంగులు బిగించి బకెట్లతో ఎత్తిపోయడం మొదలెట్టారు.  ఒకరు నింపితే ఒకరు బయట పారబోశారు.

"నేనే అడ్డం పెట్టాను" అంది చివరికి చురకమ్మ.

"తెలుసు. ఈ ఊళ్లో అంత పని ఇంకెవరు చేస్తారు?"

"నీ ఇల్లు దానికి కలిసి ఉందని నాకు తెలీదు."

మరదలు బకెట్ కింద పెట్టింది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఇప్పుడూ పెంచలేదు, కానీ వినపడే ఆ ఎడమచెవికి ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా దగ్గరికొచ్చి నిలబడింది.

"నీరు పల్లమెరుగు అంటారు వదినా. నీ కోపం కూడా పల్లమే ఎరిగింది. అయ్యగారి మీద అంత మంట ఉంటే ఆయన గుమ్మం ఎక్కాల్సింది. గేటు దాకా వెళ్లి, లేరంటే తిరిగొచ్చావు. చాటుగా మన్ను కూరావు. అది నా పొయ్యిలోకొచ్చింది."

"మరి నువ్వు? మీటింగులో కాలివేళ్లు లెక్కపెట్టుకున్నావు. నువ్వక్కడ ఒక్క మాటంటే..."

"అనలేదు. అనలేనని నీకూ తెలుసు." మరదలు తడిచేతులు చీరకి తుడుచుకుంది. "షెడ్డులో ఆ తెల్లనీళ్ల కుళాయి తిప్పేది ఎవరనుకుంటున్నావు? నేనే. పనంతా అయ్యాక, ఎవరూ లేనప్పుడు చూసి వదలమంటాడు. వదుల్తాను. నీ జమ్ముని రోజూ చంపింది ఈ చెయ్యే. ఇవాళ అదే చేత్తో నా వంటిల్లు ఎత్తిపోస్తున్నాను. ఇంకేమన్నా చెప్పాలా?"

 చురకమ్మకి లోపల కోపం అలాగే ఉంది, కానీ దాన్ని పెట్టుకునే చోటు కనపడలేదు. ఆమె వంగి బకెట్ అందుకుంది.

సాయంత్రం తమ్ముడు వచ్చి, ఎండలో ఆరేసిన పరుపు చూశాడు. సంగతి విన్నాడు. "నా పొట్ట కొట్టావక్కా" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ తర్వాత చాలా కాలం అక్కతో మాట్లాడలేదు.

గొట్టం మూసిన సంగతి యజమాని దాకా వెళ్లింది. చురకమ్మే వెళ్లి చెప్పింది. ఈసారి కాపలావాడు "లేరు" అంటే, "కారు ఎవరు నడిపారు, దెయ్యమా?" అంటూ వాణ్ణి పక్కకి నెట్టి లోపలికి నడిచింది. "అడ్డం పెట్టింది నేను. మళ్లీ తీసింది కూడా నేనే. మీ నీళ్లు ఆగేదాకా నేనూ ఆగను" అని చెప్పి వచ్చేసింది. ఆయన సోమవారం మళ్లీ మీటింగు పెట్టించాడు.

ఈసారి ఆయన ఊరి ఆస్తి గురించి మాట్లాడాడు. గొట్టానికి అడ్డం పెట్టిన మనిషిని ఊరి మడుల దగ్గర పెట్టుకోవడం మంచిది కాదన్నాడు. "ఈ ఊరి ఆడవాళ్లకి పని చూపించింది నేను. నాకు ఎవరి మీదా పగ లేదు" అన్నాడు. ఊరిపెద్ద తల ఊపి, "ఏమంటావమ్మా?" అని చురకమ్మని అడిగాడు.

"అడ్డం పెట్టాను. అది తప్పే. ఆ తప్పు వల్ల ఒకే ఒక్క ఇంటికి నష్టం జరిగింది, ఆ ఇంటిదాన్ని నలుగురిలో క్షమించమని అడుగుతున్నాను" అంటూ వెనక వరస వైపు తిరిగింది. "ఇంకెవరినీ అడగను."

ఊరిపెద్ద ఇంకేదో అనబోతుండగా వెనక వరసలో మరదలు లేచి నిలబడింది. పక్కనున్నావిడ కొంగు పట్టుకుని లాగింది. ఆమె కొంగు విడిపించుకుంది.

"అయ్యగారు పనిచ్చారు, నిజమే. ఆ పనేంటో కూడా చెప్పనివ్వండి" అంది.

వరండాలో ఎవరో దగ్గబోయి మానేశారు.

"విరిగిన పాల తేట, బట్టీ కడిగిన సోడా నీళ్లు, రెండూ కుళాయి తిప్పి వదిలేది నేను. ఎవరూ లేనప్పుడు చూసి తిప్పమన్నది మీరు. అనలేదంటారా అయ్యగారూ?"

ఆయన తాళాల గుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అన్ని కేంద్రాలూ చేసేది అదే" అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. నేల కడిగిన నీళ్లు కాస్త వస్తాయన్న మనిషి ఆయనే. పాత్రలు కడిగే ఇంకో ఆవిడ కూర్చునే, "శనివారాలు ఇంకా ఎక్కువ వదుల్తాం" అంది. ఇంకొకావిడ అవునంది. కట్టుడుపళ్ల పంతులుగారు, ఎవరూ అడక్కపోయినా, "గాలికి నాకు నిద్ర పట్టట్లేదు" అన్నాడు. అందరికీ ఎప్పుడో తెలిసిన సంగతే. కానీ ఒకసారి పైకి అనేశాక తెలీనట్టు కూర్చోవడం ఎవరికీ చేతకాలేదు.

చివరికి యజమాని తన షెడ్డు వెనకే రెండు గోతులు తవ్వించి తేట అందులో నిలవ చెయ్యాలని, పశువుల వాళ్లకి ఇవ్వాలని, సోడా నీళ్ల ఘాటు విరిచాకే వదలాలని తీర్మానమైంది. ఆయన సరేనన్నాడు. ఊరిపెద్ద ఆయన చెయ్యి పట్టుకుని, "పెద్దమనసు" అన్నాడు. ఆ ఒక్క మాటకి చురకమ్మ వారం రోజులు ఉడికిపోయింది. చచ్చిన జమ్ముకి ఒక్కరు కూడా అయ్యో అనలేదు. తన పని ఉంచుతున్నామనిగానీ, ఇన్నాళ్లూ నిన్ను అనవసరంగా అన్నామనిగానీ చెప్పిన పాపాన పోలేదు. దొంగతనం మానేస్తానన్నవాడికి దండ వేసినట్టుందని మొగుడితో అంది.

"దండ వెయ్యలేదుగా" అన్నాడాయన.

"పూలు దొరక్క."

మరదలికి మర్నాడు గేటు దగ్గర, "ఇవాళ్టికి పనిలేదు" అన్నారు. ఆ ఇవాళ్టికి రేపు రాలేదు. తమ్ముడి వ్యాను పని మాత్రం యజమాని తియ్యలేదు. తీస్తే ఊరు ఏమనుకుంటుందోనని. చురకమ్మ ఊరిపెద్ద ఆఫీసు బెంచీ మీద రోజూ పొద్దున్నే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. మడులు తిరిగి నాటాలి, మడ్డి ఎత్తాలి, ఒక్క మనిషి పని కాదు, ఇంకో మనిషిని ఇవ్వండి అని. ఆయన రేపన్నాడు, మాపన్నాడు. ఆమె వెళ్లడం మానలేదు. ఆ గొంతు రోజూ గదిలో ఉంటే ఏ పనీ జరగట్లేదని చివరికి ఆయన ఒప్పుకున్నాడు. అలా మరదలు మడుల్లో పనికొచ్చింది.

ఇద్దరూ కలిసి పనిచేస్తే ముచ్చటగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే, ఒక పూట వచ్చి చూడాల్సింది. దంతె ఎక్కడ పెట్టాలనే దగ్గర్నుంచి తగవే. "వదినా, అరవకు, నేను పక్కనే ఉన్నాను" అంటుంది ఒకతె. "పక్కనుండి పనిచెయ్యి, పాఠాలు చెప్పకు" అంటుంది ఇంకొకతె. తమ్ముడు పెళ్లానికి అన్నం క్యారేజీ తెస్తాడు. అక్క ఎదురుగా ఉన్నా, "మీ వదినకి కూడా పెట్టానని చెప్పు" అంటాడు పెళ్లాంతో. "తిన్నానని మీ ఆయనకి చెప్పు" అంటుంది అక్క. మధ్యలో మరదలు ఇద్దరికీ ఏమీ చెప్పకుండా తన ముద్ద తను తింటుంది. ఆ మునిగిన రోజు గురించి ఆమె ఇంకెప్పుడూ ఎత్తలేదు. అలాగని మర్చిపోనూ లేదు. కొత్త పరుపు కుట్టించుకున్న రోజున, "ఇది కూడా తడుపుతావా?" అని మాత్రం అడిగింది.

వాగు ఒడ్డు నుంచి జమ్ము పిలకలు తెచ్చి ముందు ఒక్క మడిలో నాటారు. సగం కుళ్లాయి, సగం పట్టాయి. పట్టినవాటి చివర పచ్చటి మొన కనిపించిన రోజు చురకమ్మ ఎవరికీ చెప్పలేదు. మొగుడు పసిగట్టాడు. ఆ రోజు ఆమె ఆయన్ని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు మరి.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మళ్లీ తెల్లనీళ్లొచ్చాయి. గోతులు నిండితే ఎత్తించడం బద్ధకమై, ఎవరూ చూడరని కేంద్రంవాళ్లు వదిలారు. కొత్త జమ్ము చుట్టూ నురగ తిరుగుతోంది. మరదలు చూసి, గొట్టం మూత వైపు ఒకసారి, చురకమ్మ వైపు ఒకసారి చూసింది. చురకమ్మ ఆ మూత జోలికి పోలేదు. చేతులు కడుక్కుంది. కాళ్లు కడుక్కోలేదు. ఊరి నడివీధిలోంచి నడుచుకుంటూ పై వీధికి వెళ్లి, యజమాని ఇంటి మెట్లెక్కింది. హాల్లో చుట్టాలు భోజనాలకి కూర్చుంటున్నారు. ఆమె బురదకాళ్లతో గడప దగ్గర నిలబడింది.

"అయ్యగారూ, ఒకసారి రండి" అంది. ఆ గొంతుకి చుట్టాలందరూ తలలెత్తారు.

"రేపు మాట్లాడదాం. చుట్టాలొచ్చారు."

"వాళ్లని కూడా తీసుకురండి. చూడాల్సిందే."

ఆయన ఒక్కడే వచ్చాడు, చుట్టాలు కూడా లేచి వెంట వస్తారేమోనన్న భయంతో త్వరత్వరగా వచ్చాడు. చురకమ్మ ఆయన్ని మడి గట్టు మీద నిలబెట్టింది. నురగ ఆయన చెప్పుల దాకా వచ్చింది. ఆయన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "పొరపాటు జరిగింది, మావాళ్లకి చెప్తాను" అన్నాడు, వెనక్కి తిరగబోతూ.

"అప్పుడే ఏం వెళ్తారు? రుమాలు తీసి నిలబడండి" అంది చురకమ్మ. "మేము రోజూ నిలబడతాం. మీరు కాసేపు నిలబడండి."

ఆయన మరదలి వైపు చూశాడు. మరదలు దారికి అడ్డంగా దంతె ఆనించుకుని నిలబడి ఉంది. ఎండ నడినెత్తిన ఉంది. ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు.